గాయకుడి పౌరసత్వం, గాయని కాపురం

విమర్శ అంటే అచ్చయిన పుస్తకం మీద అచ్చయ్యే వ్యాసం అని మనలో చాలామందికి ఒక స్థిరమైన అభిప్రాయం ఉంది. పాట వినేవాళ్ళు పాడేవాళ్ళ గురించి మాట్లాడుకునే మాటల్ని మనం విమర్శ కింద జమకట్టం. అవి అభిమానుల కబుర్లు. అదే ఆడవాళ్ళు మాట్లాడుకుంటే ఇంకో మెట్టు దిగి ముచ్చట్లు అయిపోతాయి. కానీ ఒక గాయకుడి రాజకీయాలేమిటి, అతను ఏ దేశపు మనిషి, అతని గొంతుని ఇష్టపడుతూ అతని మాటని కాదనవచ్చా అన్న ప్రశ్నలు మన సభల్లో కంటే ఆ ముచ్చట్లలోనే సూటిగా వస్తాయని నాకు కొంతకాలంగా అనిపిస్తోంది. ఈ వ్యాసం ఆ ముచ్చట్లని పాఠంగా చదవడానికి చేస్తున్న ప్రయత్నం.

మూడేళ్ళుగా నేను సంగారెడ్డి జిల్లా గడ్డపోతారంలో పనిచేసే ఆడవాళ్ళు ఏం పాటలు వింటారో, ఎలా వింటారో రాసుకుంటున్నాను. డాక్టరేటు కోసం మొదలుపెట్టిన పని కాదు, అది అయిపోయాక మొదలైంది. బొల్లారం దాటి కాజిపల్లి, గడ్డపోతారం వైపు వెళ్తే మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలు వరసగా ఉంటాయి. ఇక్కడి చెరువుల గురించీ, రాత్రిపూట వచ్చే ఘాటు వాసన గురించీ రాసినవాళ్ళున్నారు. ఆ కంపెనీల్లో ప్యాకింగు, క్యాంటీను, ఊడ్చి తుడిచే పనులు చేసే ఆడవాళ్ళ చెవుల గురించి ఎవరూ రాయలేదు. చెవులకి జీతం ఉండదు కదా. నేను వెళ్ళే గదిలో అయిదుగురు ఉంటారు. ఇద్దరిది నారాయణఖేడ్ వైపు, ఇద్దరిది పలాస దగ్గర, ఒకామెది ఒడిశాలోని బరంపురం, ఇంట్లో తెలుగే. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఒకే ఫోను మధ్యలో పెట్టుకుని పాటలు వింటారు. నేను పక్కన కూచుంటాను.

ఒక ఆదివారం 'జులాయి' సినిమాలోని 'ఓ మధు' పాట వచ్చింది. పాడింది అద్నాన్ సామి. నారాయణఖేడ్ అమ్మాయికి ఆ గొంతంటే ప్రాణం, '100% లవ్'లో పాడిన పాట కూడా ఆమెకి కంఠతా వచ్చు. బరంపురం అక్క ఉన్నట్టుండి అంది: "వీడు పాకిస్తానోడు కదమ్మా!" ఇక అక్కడ మొదలైన మాటలు సాయంత్రం నీళ్ళ ట్యాంకరు వచ్చేదాకా ఆగలేదు. "పాకిస్తానాయన మన పాటెట్ల పాడిండే మరి?" "ఇప్పుడు మనోడే అయిపోనాడంట కదేటి, పద్మశ్రీ కూడా ఇచ్చేరు." "రెండు దేశాల కార్డులున్నయేమో." "లండన్ల పుట్టిండట, మూడు ఉండొచ్చు." "మా పిన్ని కూతురికి పెళ్ళయ్యాక రేషన్ కార్డులో పేరెక్కడానికే మూడేళ్ళు పట్టింది. ఈయనకి దేశాలకి దేశాలెలా ఇచ్చేస్తారు?"

ఆఖరి మాట దగ్గర అందరూ నవ్వారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. పౌరసత్వం గురించి విశ్వవిద్యాలయాల సెమినార్లలో నేను విన్న పత్రాల్లో పెళ్ళయిన ఆడదాని రేషన్ కార్డుని ఎవరూ ఈ విషయంతో కలపగా వినలేదు.

ముందు విషయం ఏమిటో చెప్పుకోవాలి. అద్నాన్ సామి లండన్లో పుట్టాడు. తండ్రి పాకిస్తాన్ వైమానిక దళంలో పైలట్‌గా 1965 యుద్ధంలో పాల్గొని, తర్వాత దౌత్యవేత్త అయ్యాడు. తల్లి కుటుంబానిది జమ్మూ మూలం. 2001లో సందర్శకుడి వీసా మీద ఇండియాకి వచ్చిన సామి ఇక్కడే ఉండిపోయాడు. 2015 మే నెలలో అతని పాకిస్తాన్ పాస్‌పోర్టు గడువు తీరింది, ఆ దేశం దాన్ని పొడిగించలేదు. 2016 జనవరి 1 నుంచి అతను భారత పౌరుడు. అంటే '100% లవ్' వచ్చిన 2011లోనూ, 'జులాయి' వచ్చిన 2012లోనూ తెలుగు కుర్రకారు పాడుకున్న ఆ పాటల గొంతుది పాకిస్తాన్ పౌరసత్వమే. అప్పుడు ఎవరూ అడగలేదు. అడగడం తర్వాత వచ్చింది. 2020 జనవరిలో పద్మశ్రీ ప్రకటించినప్పుడు ఒకవైపు వాళ్ళు తండ్రి నడిపిన యుద్ధవిమానాన్ని గుర్తుచేశారు, ఇంకోవైపు వాళ్ళు కొడుకు ప్రభుత్వాన్ని పొగుడుతూ చేసిన వ్యాఖ్యలని గుర్తుచేశారు. పాట ఎవరికీ గుర్తు రాలేదు.

రెండు కార్డులు ఉండొచ్చన్న అనుమానానికి చట్టంలో జవాబు ఉంది. మన దేశం జంట పౌరసత్వాన్ని ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారతీయులెవరైనా తమంతట తాము ఇంకో దేశపు పౌరసత్వం తీసుకుంటే ఇక్కడిది ఆ క్షణమే పోతుంది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాళ్ళకి 2005 తర్వాత వచ్చిన ఓసీఐ కార్డు పేరులో పౌరసత్వం ఉన్నా అది పౌరసత్వం కాదు, ఓటు హక్కు ఇవ్వదు. చట్టం ఇంత కచ్చితంగా ఉందా అంటే, మనిషిని బట్టి ఉంటుంది. వేములవాడ నుంచి 2009 మొదలు పలుమార్లు ఎమ్మెల్యేగా గెలిచిన చెన్నమనేని రమేష్ జర్మనీ పౌరుడేనని తెలంగాణ హైకోర్టు తేల్చి 30 లక్షలు ఖర్చుల కింద కట్టమన్నది 2024 డిసెంబర్లో. ఈ సంగతి చెబితే గదిలోని పెద్దామె, "ఎమ్మెల్యే అయితె గన్నేండ్లు నడుస్తది మేడం, మేం ఆధార్ల ఊరి పేరు తప్పువడితెనే గేటు కాడ ఆపుతరు," అంది.

అయితే ఆమెకి అద్నాన్ సామి మీద కోపం లేదు. అతను ప్రభుత్వాన్ని పొగుడుతున్నాడన్న ఫిర్యాదుకి ఆమె ఇచ్చిన జవాబు నా నోటుపుస్తకంలో ఉంది: "కిరాయికున్నోడు ఓనర్ని పొగడకుంటె ఎట్ల? ఎల్లగొడతరు గద." ఇది ఒక సాహిత్య సిద్ధాంతం. ఆశ్రయం ఇచ్చినవాడికీ పాడేవాడికీ మధ్య సంబంధం గురించి, శ్రీనాథుడినీ పోతననీ చెరో పక్క నిలబెట్టి, మనం వందల ఏళ్ళుగా చేస్తున్న చర్చ ఇదే. మనం దాన్ని ఎప్పుడూ ఆత్మగౌరవం ఉన్న కవి, లేని కవి అన్న భాషలోనే మాట్లాడుకున్నాం. కిరాయి భాషలో మాట్లాడుకోలేదు. కిరాయికున్నవాడి పొగడ్తని నిజాయితీ కొలతతో కొలవడం ఇల్లున్నవాళ్ళ అలవాటు. నేను ఆమెతో పూర్తిగా ఏకీభవించను. సామి దగ్గర డబ్బుంది, పలుకుబడి ఉంది, మాట్లాడకుండా ఉండే అవకాశమూ ఉంది. కానీ కొత్తగా చేరిన పౌరుడు పుట్టుకతో వచ్చిన పౌరుడి కంటే గట్టిగా జై కొట్టవలసి వస్తుందన్నది నిజం. 2025 ఏప్రిల్లో పహల్గామ్ దాడి తర్వాత పాకిస్తానీయులందరూ దేశం విడిచి వెళ్ళాలని మన ప్రభుత్వం ఆదేశించినప్పుడు, మరి అద్నాన్ సామి సంగతేమిటి అని అక్కడి మాజీ మంత్రి ఒకాయన ఎకసెక్కం చేశాడు. పౌరుడై తొమ్మిదేళ్ళు గడిచాక కూడా ఆ ప్రశ్న వస్తుంది. కోడలు పాతికేళ్ళు కాపురం చేశాక కూడా 'మీ వాళ్ళు' అన్న మాట వస్తుంది చూడండి, అలాగన్నమాట.

ఇప్పుడు నన్ను బాధించే విషయానికి వస్తాను. సామికి పౌరసత్వం ఇచ్చింది 1955 చట్టంలోని 6వ సెక్షన్ కింద. విజ్ఞానం, తత్వశాస్త్రం, కళ, సాహిత్యం, ప్రపంచశాంతి, మానవ ప్రగతి, వీటిలో విశిష్టమైన సేవ చేసినవాళ్ళకి మామూలు షరతులు సడలించి పౌరసత్వం ఇచ్చే వీలు ఆ సెక్షన్లో ఉంది. ఆ జాబితాని ఇంకోసారి చదవండి. కళ పక్కనే సాహిత్యం ఉంది.

పౌరసత్వ సవరణ చట్టం వచ్చిన కొత్తలో, 2020 జనవరిలో, కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ చెన్నైలో మాట్లాడుతూ, ప్రభుత్వం ముస్లిములకి వ్యతిరేకం కాదని చెప్పడానికి అద్నాన్ సామిని ఉదాహరణగా చూపించారు. ఆ వెంటనే తస్లీమా నస్రీన్ ఇంకో ఉదాహరణ అన్నారు. తస్లీమా భారత పౌరురాలు కాదు. 1994లో బంగ్లాదేశ్ వదలవలసి వచ్చిన ఆమె స్వీడన్ పౌరురాలు. ఇక్కడ ఆమెకి ఉన్నది నివాస అనుమతి, అదీ ఎప్పటికప్పుడు పొడిగించుకోవలసినది. 2024 జూలైలో దాని గడువు తీరిపోయింది. ఆమె హోంమంత్రికి బహిరంగంగా మొరపెట్టుకున్నాక అక్టోబర్లో పొడిగించారు. ఒకే వాక్యంలో పక్కపక్కన కూచోబెట్టిన ఇద్దరిలో ఒకరిది పౌరసత్వం, మరొకరిది అద్దె రశీదు.

తస్లీమా మనకి దూరపు విషయం కాదు. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్‌క్లబ్‌లో ఆమె 'శోధ్' నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ జరుగుతున్నప్పుడు మజ్లిస్ పార్టీ ఎమ్మెల్యేలూ కార్యకర్తలూ ఆమె మీద దాడి చేశారు. పూలగుత్తులు, కుర్చీలు, చేతికి ఏది దొరికితే అది విసిరారు. అక్కడున్న విలేకరులు, నిర్వాహకులు అడ్డుపడి కాపాడారు. అదే ఏడాది నవంబర్లో కలకత్తా ఆమెని సాగనంపింది, అది వామపక్ష ప్రభుత్వం ఉన్న కాలం. ఆమెని ఏ పార్టీ ఎప్పుడు ఎలా వాడుకుందో, ఎప్పుడు వదిలించుకుందో మన పాఠకులకి తెలుసు. ఆమె రాతల్లో నాకు అభ్యంతరాలున్నాయి. మతాన్ని ఒక్క దెబ్బకి కొట్టిపారేసే ఆ ధోరణి, ఆ మతంలోనే ఉండి పోరాడుతున్న ఆడవాళ్ళ పనిని చిన్నది చేస్తుందని నా ఉద్దేశం. కానీ ఈ అభ్యంతరం ఆమె ఉండటానికి చోటు గురించి కాదు. సామిని స్వాగతించినవాళ్ళలో ఎవరైనా 6వ సెక్షన్లో సాహిత్యం అన్న మాట ఎవరి కోసం రాశారో అడిగారా?

సంగీతానికి సరిహద్దులు లేవనే మాట మనం తరచుగా వింటాం. నాకు ఆ మాటంటే చిరాకు. సంగీతానికి సరిహద్దులు ఉన్నాయి, మగవాళ్ళు వాటిని కొంచెం సులువుగా దాటారు, అంతే. దీనికి మన ఊరి దగ్గర ఉదాహరణ ఉంది. బడే గులాం అలీఖాన్ పుట్టిన కసూర్, విభజనతో పాకిస్తాన్లోకి వెళ్ళింది. ఆయనా అక్కడి వాడయ్యాడు. ఉండలేక తిరిగి వచ్చాడు. మొరార్జీ దేశాయ్ చొరవతో 1957లో భారత పౌరసత్వం వచ్చింది. 1962లో పద్మభూషణ్. చివరి రోజులు హైదరాబాద్ బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో గడిచాయి, 1968 ఏప్రిల్లో ఇక్కడే కన్నుమూశాడు, దాయిరా మీర్ మోమిన్‌లో సమాధి ఉంది. హైదరాబాద్ సంగీత ప్రియులు ఆయన తిరిగి రావడాన్ని ఎంతో మురిపెంగా చెప్పుకుంటారు. గొప్ప కథే, నేను కాదనను.

దీని పక్కన రోషనారా బేగం కథ పెట్టి చూడాలి. కిరానా ఘరానాకి చెందిన అబ్దుల్ కరీంఖాన్ శిష్యురాలు. బొంబాయిలో ఆమె కచేరీ అంటే జనం విరగబడేవాళ్ళు. ఖయాల్ పాడటంలో ఆమెది బడే గులాం అలీఖాన్ సరసన చెప్పుకునే స్థాయి. 1948లో, పోలీసు అధికారి అయిన భర్తతో కలిసి పాకిస్తాన్ వెళ్ళి, పంజాబులోని లాలామూసా అనే చిన్న ఊళ్ళో ఉండిపోయింది. బొంబాయి సంగీత లోకం నుంచి ఆ ఊరు ఎంత దూరమో మ్యాపు చెప్పదు. రేడియోలో పాడింది, గౌరవాలూ అందుకుంది, 1982లో చనిపోయింది. ఆమె ఇష్టంతోనే వెళ్ళి ఉండవచ్చు. నేను ఆమెకి లేని దుఃఖాన్ని అంటగట్టను. నేను గమనించేది అభిమానుల భాషని. ఆయన గురించి చెప్పేటప్పుడు 'దేశాన్ని ఎంచుకున్నాడు' అంటారు. ఆమె గురించి 'భర్తతో వెళ్ళిపోయింది' అంటారు. నూర్జహాన్ విషయంలోనూ అంతే. 1947లో భర్తతో వెళ్ళింది అన్న దగ్గర మొదలై ప్రేమలు, పెళ్ళిళ్ళు, విడాకుల దగ్గర ఆగుతుంది కబురు. 1965 యుద్ధంలో సామి తండ్రి విమానం నడుపుతున్న రోజుల్లోనే ఆమె ఆ దేశపు సైనికుల కోసం రేడియోలో పాడింది. అది నూటికి నూరుపాళ్ళూ రాజకీయం. అయినా ఆమె రాజకీయాల గురించి వాదించే అభిమానిని నేనింతవరకు చూడలేదు. గాయకుడికి రాజకీయాలుంటాయి, గాయనికి కాపురం ఉంటుంది.

ఇది అభిమానుల లోపం అని తీసిపారెయ్యడానికి వీల్లేదు, ఎందుకంటే చట్టం కూడా చాలాకాలం ఇదే భాష మాట్లాడింది. 1950 జనవరి 26 నుంచి 1992 డిసెంబర్ 10 దాకా విదేశాల్లో పుట్టిన పిల్లలకి తండ్రి భారతీయుడైతేనే వారసత్వంగా పౌరసత్వం వచ్చేది. తల్లి భారతీయురాలైతే సరిపోయేది కాదు. భారత పౌరుడిని పెళ్ళాడిన విదేశీ స్త్రీ నమోదు చేసుకుని పౌరురాలు కావచ్చు, భారత పౌరురాలిని పెళ్ళాడిన విదేశీ పురుషుడికి ఆ దారి లేదు. 1986 సవరణలో 'స్త్రీలు' తీసి 'వ్యక్తులు' అని పెట్టేదాకా ఇదే పరిస్థితి. పైకి ఆడవాళ్ళకి మేలు చేసినట్టు కనిపిస్తుంది. అసలు అర్థం వేరు. ఆడది మొగుడి దేశానికి వెళ్తుంది, మగవాడు పెళ్ళాం దేశానికి రాడు, ఇల్లరికం చట్టానికి కూడా నామోషీ. ఇక భర్త ద్వారా ఓసీఐ కార్డు వచ్చిన విదేశీ భార్య, విడాకులైతే ఆ కార్డు పోగొట్టుకోవలసి వస్తుంది. ఇప్పుడు ఈ నిబంధన భర్తలకీ వర్తిస్తుంది, కాగితం మీద సమానమే. ఆ కార్డు పోతుందన్న భయంతో ఎవరు ఎక్కువగా నోరు మూసుకుంటారో వేరే చెప్పాలా?

2025 ఏప్రిల్ చివరి వారంలో అటారీ దగ్గర జరిగింది వార్తల్లో చూశాం. పాకిస్తాన్లో పెళ్ళయి, ఇండియా పాస్‌పోర్టు ఉన్న తల్లులు పుట్టింటికి వచ్చి ఇక్కడ ఉండగా ఆదేశం వచ్చింది. పాకిస్తాన్ పాస్‌పోర్టున్న పిల్లలు వెళ్ళాలి, భారత పాస్‌పోర్టున్న తల్లి దాటడానికి వీల్లేదు. గేటు దగ్గర ఆపేసిన తల్లులు, చేతులు చాపే పిల్లలు. ఇటువైపు పెళ్ళయి పాకిస్తాన్ పాస్‌పోర్టున్న భార్యలది ఇంకో రకం కష్టం. సరిగ్గా ఆ వారంలోనే మనం గాయకుడి పౌరసత్వం మీద ఎకసెక్కాలు, ఎదురు ఎకసెక్కాలు చదివి వినోదిస్తున్నాం. ఆ తల్లుల సంగతి గదిలో చెప్పినప్పుడు పలాస అమ్మాయి ఒకే మాట అంది. "మా ఊర్లో ఓటు తీసేసేరు, ఇక్కడ ఎక్కించలేదు. నాకిప్పుడు ఏ ఊరూ కాదు." ఒక మనిషి పేరు రెండుచోట్ల ఓటర్ల జాబితాలో ఉండకూడదని చట్టం. ఒక్కచోటా లేకపోతే ఏం చెయ్యాలో ఆమెకి ఎవరూ చెప్పలేదు. జంట పౌరసత్వం గురించి వాదించుకునే గదిలో ఒక్కటైనా సరిగా లేని మనిషి ఉండటం నాకు ఏ సిద్ధాంత గ్రంథమూ నేర్పలేదు.

గడ్డపోతారంలో గాయకుడి రాజకీయాలంటే అద్నాన్ సామి కంటే ముందు వచ్చే పేరు గద్దర్‌ది. ఆయన పుట్టిన తూప్రాన్ ఇదే పాత మెదక్ జిల్లా. గద్దర్ చనిపోయి కొంతకాలమైనా ఆయన మీద వాదన చల్లారలేదు. దశాబ్దాల పాటు ఓటు వెయ్యని మనిషి, 1997 ఏప్రిల్లో కాల్పులు జరిగాక ఒక తూటాని చివరిదాకా ఒంట్లో మోసిన మనిషి, 2018లో మొదటిసారి ఓటు వేశాడు. గుళ్ళకి వెళ్ళాడు. 2023 జూలైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని హత్తుకున్నాడు. ఆగస్టు 6న చనిపోతే ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. ఇప్పుడు రాష్ట్రప్రభుత్వం సినిమాలకి ఇచ్చే అవార్డులు ఆయన పేరు మీదే ఉన్నాయి. ఆయన అభిమానులకి ఇది ఒక రకం జంట పౌరసత్వం. అడవి రాజ్యానికీ అసెంబ్లీ రాజ్యానికీ రెంటికీ చెందడం కుదురుతుందా అన్నది వాళ్ళ గొడవ. మన సాహిత్య మిత్రులు కొందరు ద్రోహం అన్నారు, కొందరు పరిణామం అన్నారు. రెండు పక్షాల వాళ్ళూ ఓటుని ఒక సిద్ధాంత ప్రకటనగానే చూశారు.

నారాయణఖేడ్ పెద్దామె వేరేగా చూసింది. "ఓటు వెయ్యనని అనుడు గూడ పెద్దోళ్ళకే నడుస్తది. గా కార్డు లేకుంటె నాకు రూమిచ్చేటోడు లేడు, సిమ్మిచ్చేటోడు లేడు." ఈ మాటకి నేను గదిలోనే ఎదురు చెప్పాను. గద్దర్ ఓటు వెయ్యకపోవడం సుఖాన ఉండి చేసిన పని కాదు, అజ్ఞాతంలో ఏళ్ళు గడిపాడు, ఇంటికి తలుపు తట్టి వచ్చిన వాళ్ళే కాల్చారు, అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. "ఆయన ఇంట్ల లేనన్ని దినాలు ఇల్లు నడిపినామె ఓటేసిందా లేదా, అది జెప్పు," అంది. గద్దర్ మీద వచ్చిన వ్యాసాలు నేను చాలానే చదివాను. గొంగడి గురించి, గోచి గురించి, కర్ర గురించి, కాలి గజ్జెల గురించి ఉంది. ఈ ప్రశ్న వేసిన వ్యాసం నా కంటపడలేదు. గాయకుడి రాజకీయ జీవితాన్ని అంచనా వేసేటప్పుడు ఆ జీవితం నడవడానికి వెనక ఎవరి పని ఉందో లెక్కలోకి తీసుకోవాలని మనం కవుల విషయంలో నేర్చుకున్నాం. వాగ్గేయకారుల దగ్గరికి వచ్చేసరికి భక్తి అడ్డుపడుతోంది.

భక్తి ఎటూ పనికిరాని చోటు ఇంకొకటుంది, బెల్లి లలిత. భువనగిరిలో నూలుమిల్లులో పనిచేసిన కార్మికురాలు. తెలంగాణ కళాసమితిలో పాడింది. తాగునీళ్ళ కోసం, సారాకి వ్యతిరేకంగా, ప్రత్యేక రాష్ట్రం కోసం పాడింది. 1999 మే నెలలో ఆమెని చంపేశారు. ఆ చావు గురించి ఒక అంకె ఉంది, అది తెలంగాణలో పాట తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆమె శరీరాన్ని ఎన్ని ముక్కలు చేశారన్న అంకె. నేను ఈ వ్యాసంలో దాన్ని రాయడం లేదు. ఆమె వర్ధంతి వ్యాసాలు వరసగా చదివితే ఆ అంకె మొదటి పేరాలోనో, శీర్షికలోనో ఉంటుంది. ఆమె పాటల బాణీల గురించి, ఏ పాట ఎక్కడ కట్టింది, పల్లవి ఎత్తుకునే పద్ధతేమిటి, జనపదాల్లోంచి ఏం తీసుకుంది, ఏం మార్చింది అన్న చర్చ వెతికినా పెద్దగా దొరకదు. గద్దర్ గొంతు గురించి, 'పొడుస్తున్న పొద్దుమీద' కట్టిన తీరు గురించి పేజీలకి పేజీలున్నాయి. ఆమె రాజకీయాలు ఆమె శవంలో ఉన్నాయన్నట్టు రాస్తాం. చంపినవాళ్ళు ఆమెని శరీరంగా చూశారు, అది వాళ్ళ క్రూరత్వం. తలుచుకునేవాళ్ళు కూడా అక్కడే ఎందుకు ఆగాలి?

ఆమె కట్టిన పాటల్ని మొదటి నుంచి చివరిదాకా సాహిత్య పాఠంగా చదివే పని మనలో ఎవరో ఒకరు చెయ్యాలి. భువనగిరిలో ఆమెతో మిల్లులో పనిచేసినవాళ్ళు, కోరస్ పాడినవాళ్ళు ఇంకా ఉన్నారు, వాళ్ళకి ఇప్పుడు అరవై దాటుతున్నాయి. రికార్డు చెయ్యడానికి ఫోను చాలు. గడ్డపోతారం గదిలో నేను ఆమె గురించి చెప్పినప్పుడు పలాస అమ్మాయి అడిగింది మిల్లులో ఏ షిఫ్టులో పనిచేసేదని. నాకు తెలియదు, నేను చదివిన వ్యాసాల్లో లేదు. రాత్రి షిఫ్టు అయితే పాట ఎప్పుడు కట్టుకునేదో అని వాళ్ళు లెక్క వేశారు. పడుకునే వేళ, వంట వేళ, బస్సు వేళ తీసేస్తే రోజుకి ముప్పావు గంట మిగిలింది. "ముప్పావు గంటంటే శానా టైమే," అంది బరంపురం అక్క, ఇంకో ఇద్దరు ఒప్పుకోలేదు.